తాళం వేయని రోజు

టామరాక్ బెండ్
8 సెప్టెంబర్ 2019

మార్లిస్,

నువ్వు పంపిన స్వెట్టర్ వచ్చింది. చేతులు పొడుగైపోయాయి. నేనేమైనా కోతిననుకున్నావా? మడిచి తొడుక్కుంటున్నాలే. ఇక్కడ పొద్దున్నపూట అప్పుడే చలి మొదలైంది. విస్కాన్సిన్ అంతా ఒకటే రాష్ట్రం అంటారు గానీ, మీ మాడిసన్‌లో వాళ్ళింకా చొక్కాలతో తిరుగుతుంటారని నాకు తెలుసు.

ఫోన్ చేశానని రాశావు. చేసే ఉంటావు. ముప్ఫై నాలుగేళ్ళు కాగితం మిల్లులో పనిచేసిన చెవులివి. ఎవరు మాట్లాడినా నీళ్ళలో మునిగి మాట్లాడుతున్నట్టుంటుంది. అందుకే నీకు ఉత్తరాలు రాసే శిక్ష వేశాను. భరించు.

కట్టెలు సగం కొట్టాను. ఆగస్టులో మా ట్రెవర్ ట్రక్కు అమ్మేశాను. ఎనిమిదేళ్ళుగా షెడ్డులో ఊరికే పడి ఉంది, కింద ఎలుకలు చేరాయి. కొన్నవాడు నడుపుకుంటూ వెళ్తుంటే మలుపు దాకా చూసి లోపలికొచ్చేశాను. మరీ అంత కష్టంగా ఏం లేదు.

ఏప్రిల్లో నేను రాసిన ఉత్తరం చించెయ్. ఆ మాట నీకొక్కదానికే చెప్పాను. మావాడు కాల్చుకుని చనిపోయిన ఆ రోజు తుపాకుల బీరువాకి తాళం వేయకుండా మిల్లుకి వెళ్ళిపోయింది నేనే. కానీ మా ట్రెవర్ తాళంచెవి ఎక్కడుందో వెతికి తీసుకున్నాడని ఊరంతా అనుకుంది. నేనూ అనుకోనిచ్చాను. వాళ్ళమ్మ జోయన్‌కి కూడా చెప్పలేదు. ఇప్పుడు డులూత్‌లో వాళ్ళక్క దగ్గర ఉంటున్న మనిషికి కొత్తగా చెప్పి ఏం లాభం? నీకు రాశాక మాత్రం రెండు రోజులు బాగా నిద్రపట్టింది. అది చాలు.

నవంబర్లో జింకల వేటకి డెల్మర్ అప్పుడే సామాన్ల పట్టిక రాస్తున్నాడు. ఈసారి వంట నాదేనట. పాపం వాళ్ళు.

నీ అన్న,
వెర్లిన్


మాడిసన్
19 సెప్టెంబర్ 2019

అన్నయ్యా,

స్వెట్టర్ చేతులు నేనే అల్లాను, కొన్నది కాదు. వెక్కిరించింది చాలు.

నీ ఉత్తరాలు వచ్చిన రోజు నేను మెట్లమీదే కూర్చుని చదివేస్తాను. పైకి వెళ్ళి తలుపు తీస్తే ఇంట్లో మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు కదా, అందుకని. మా ఆయన ఫ్రాంక్ వెళ్ళిపోయి మూడేళ్ళయినా ఆయన కుర్చీ తీయలేదు. తీస్తే ఆ చోట ఏం పెట్టాలో తెలియడంలేదు.

నా ఉద్యోగం ఏమిటని, నేను జూలైలో అక్కడికి వచ్చినప్పుడు రెండుసార్లు అడిగావు. నేను సరిగ్గా చెప్పలేదు. మా సంస్థ తుపాకుల చట్టం కోసం పనిచేస్తుంది. ఇంట్లో తుపాకులకి తాళం ఉండాలి, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి తుపాకీ మారితే దుకాణంలో నమోదు కావాలి, అంతే ఆ బిల్లు. దానికి సోషల్ మీడియాలో ప్రకటనలు తయారుచేసేది నేను. పేపర్లో వేసినట్టు అందరికీ ఒకటే వేయం. ఎవరికి ఏది చూపించాలో ఏరుకుంటాం. వేటాడేవాళ్ళకి ఒకటి, చిన్నపిల్లల తల్లులకి ఒకటి. నీకు కనబడేది పక్కింటివాడికి కనబడకపోవచ్చు. మీ జిల్లా శాసనసభ్యుడు బిల్లుకి అటా ఇటా అని ఊగుతున్నాడు కాబట్టి ఈ నెల మీ వైపే ఎక్కువ పెడుతున్నాం.

మీ ఊళ్ళో దీని గురించి ఏమైనా మాట్లాడుకుంటున్నారా? ఊరికే అడుగుతున్నాను.

చెవి మిషన్‌కి బ్యాటరీలు మార్చు. మొండితనం తగ్గించు.

మార్లిస్


టామరాక్ బెండ్
6 అక్టోబర్ 2019

మార్లిస్,

నువ్వు తుపాకుల చట్టంవాళ్ళ దగ్గర పనిచేస్తున్నావని రెండు మాటల్లో చెప్పేస్తే పోయేది. నేనేమైనా కొరుకుతానా? నాకు ఆ చట్టం నచ్చలేదు. మాడిసన్‌లో కూర్చుని నా బీరువా తలుపు ఎలా వేసుకోవాలో చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. నువ్వు చెబితే మంట కొంచెం తక్కువ. అంతే తేడా. బిల్లు గురించి ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు. అన్నా నాకు వినబడదనుకో.

నీ మాట విని బ్యాటరీలు మార్చాను. మార్చాక తెలిసింది, వినడానికి ఏమీ లేదని.

శుక్రవారం చేపల వేపుడుకి లోర్నా బార్‌కి వెళ్ళాను. ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మిల్లులో నాతో పనిచేసిన గోర్డన్, ఇంకొకడు లేచి కౌంటర్ దగ్గరికి పోయారు. ప్లేట్లు కూడా తీసుకెళ్ళారు. లోర్నా నా ముందు చేప పెట్టి, మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఇరవై ఏళ్ళుగా నన్ను ఏడిపించకుండా ఒక్క ప్లేటు పెట్టలేదు. నేను మరీ గట్టిగా మాట్లాడుతున్నానేమో. చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. బహుశా చాలాకాలంగా విసుగొచ్చి, ఇప్పుడు బయటపడ్డారేమో.

నిన్న డెల్మర్ వచ్చాడు. ఇంట్లోకి రాలేదు. కారు ఇంజను ఆపకుండానే, "ఈసారి వేట క్యాంపులో మంచాలు నిండిపోయాయిరా" అన్నాడు.

"నాలుగు మంచాలు, నలుగురం కదరా ఎప్పుడూ?" అన్నాను.

"మా అల్లుడు వస్తానంటున్నాడు."

"నేను కింద పడుకుంటాను."

వాడు స్టీరింగ్ వంక చూస్తూ, "ఈ ఏడాదికి వద్దులేరా" అని కారు వెనక్కి తిప్పాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు, మార్లిస్. ట్రెవర్ పోయిన ఏడాది కూడా వాడే వచ్చి నన్ను లేపి, బూట్లు తొడిగి తీసుకెళ్ళాడు. వాడి భార్య ఆర్డిస్‌కి జబ్బు ముదిరిందట, అందుకే మనసు బాగోలేదేమో అనుకున్నాను. అలా అనుకుంటేనే బాగుంది.

ఇంట్లో చిన్నగా మాట్లాడటం ప్రాక్టీసు చేస్తున్నాను. కుక్క ఉన్నా బాగుండేది, ఎలా ఉందో చెప్పేది.

వెర్లిన్


మాడిసన్
15 అక్టోబర్ 2019

అన్నయ్యా,

నీ గొంతు అంత పెద్దదేం కాదు. ఎవరికోసమూ చిన్నగా మాట్లాడకు.

థాంక్స్‌గివింగ్ పండక్కి ఇక్కడికి వచ్చెయ్. బస్సు టికెట్టు నేను పంపుతాను. టర్కీ వండుతాను, నీకిష్టమైన బంగాళాదుంపలు చేస్తాను. ఒక వారం ముందే వస్తే ఇంకా మంచిది. వేట మొదలయ్యే రోజుకి అక్కడ లేకపోతే డెల్మర్ సంగతి మనసులో పెట్టుకోవు. ఊరికి కొంచెం దూరంగా ఉంటే నీకే మంచిదనిపిస్తోంది. ఎందుకని అడగకు, ఒక్కసారి చెల్లెలి మాట విను.

చేతి తొడుగులు పంపుతున్నాను. ఇవి కొన్నవే.

మార్లిస్


టామరాక్ బెండ్
27 అక్టోబర్ 2019

మార్లిస్,

నీకేమైంది? నిజం చెప్పు. ఎన్నడూ లేనిది రమ్మని అంత గట్టిగా రాశావు, ఎందుకో అడగొద్దన్నావు. డాక్టర్ ఏమైనా అన్నాడా? అమ్మకి వచ్చింది నీకు కూడా వచ్చిందా? ఒంటరిగా మోయకు. నేను వస్తాను. వేటా లేదు, క్యాంపూ లేదు, రావడానికి నాకు అడ్డమేముంది?

ఇక్కడ ఇంకొకటి జరిగింది. సోమవారం నా టపా పెట్టెలో ఒక కాగితం ఉంది, స్టాంపు లేదు. "కొడుకుని అమ్ముకున్నావు కదరా" అని రాసి ఉంది. అంతే. ట్రక్కు గురించే అని అర్థమైంది. ట్రెవర్ ఎంతో ఇష్టంగా బాగుచేసుకున్న బండిని పరాయివాడికి అమ్మేశానని ఊరికంతా కోపమన్నమాట. వాడి స్నేహితులైనా అయి ఉండాలి. ఎవరినీ అడగకుండా అమ్మడం తప్పేనేమో.

మర్నాడు అద్దె కారు తీసుకుని కొన్నవాడి ఇంటికి వెళ్ళాను. తిరిగిచ్చెయ్యమని అడిగాను. వాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "పెద్దాయనా, మా ఆవిడ దానికి ఎర్ర రంగు వేయించింది, సీట్లు మార్చింది, పిల్లల్ని బడికి అందులోనే తీసుకెళ్తోంది" అన్నాడు. వాళ్ళ పిల్ల వెనక సీట్లోంచి నాకు చెయ్యి ఊపింది. ఇంకేం అడుగుతాను? ఒక కప్పు కాఫీ తాగి వచ్చేశాను. మంచివాళ్ళు.

లోర్నా బార్‌కి వెళ్ళి, అందరూ ఉన్నప్పుడు, "ట్రక్కు విషయంలో తప్పయింది, క్షమించండి" అన్నాను. గోర్డన్ నవ్వాడు. ఆ నవ్వు నాకర్థం కాలేదు.

నీ ఆరోగ్యం గురించి వెంటనే రాయి.

వెర్లిన్


మాడిసన్
3 నవంబర్ 2019

అన్నయ్యా,

నాకు జబ్బేం లేదు. ఉంటే బాగుండేదేమో అనిపిస్తోంది. ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. నువ్వు అందరి ముందూ లేని తప్పుకి క్షమాపణ అడిగావని చదివాక ఇంక చింపలేను.

ట్రక్కు కాదు. నేను.

ఏప్రిల్లో నువ్వు రాసిన ఉత్తరం చించలేదు. ఆగస్టులో ఆఫీసులో మీటింగ్ జరిగింది. మేము వేసిన ప్రకటనలేవీ మీ వైపు పనిచేయడంలేదు. అన్నీ పట్నంవాళ్ళ మాటల్లా ఉన్నాయని, చూసిన వేటగాళ్ళు తిడుతున్నారని చెప్పారు. "నిజమైన మనిషి మాట ఒక్కటి కావాలి" అన్నాడు మా పైఅధికారి. నేను నీ వాక్యం చెప్పాను. పేరు చెప్పలేదు. 'ఆ రోజు నేను బీరువాకి తాళం వేయలేదు.' గదిలో అందరూ పెన్నులు కింద పెట్టి నావైపు తిరిగారు. అది చూసి నాకు గర్వమనిపించింది, అన్నయ్యా. అది కూడా నీకు తెలియాలి.

జూలైలో ఒక చల్లటి పొద్దున్న వరండాలో వెనకనుంచి తీసిన నీ ఫోటో పెట్టాము. మొహం కనబడదు కదా అనుకున్నాను. కానీ నువ్వు వేసుకున్నది నాన్న ఎర్రగళ్ళ కోటు. మోచేతి దగ్గర అమ్మ వేసిన ఆకుపచ్చ అతుకుంది. ఆ అతుకుని మీ ఊళ్ళో గుర్తుపట్టనివాడెవడు? ఫోటో కింద నీ వాక్యం, దాని కింద 'మీరైనా వేయండి. మీ జిల్లా వేటగాడు, ఒక తండ్రి.' సెప్టెంబర్ రెండో వారం నుంచి మీ జిల్లాలో వేటగాళ్ళందరి ఫోన్లలోకీ వెళ్ళింది. నీకు స్మార్ట్‌ఫోన్ లేదు కాబట్టి నీకొక్కడికే కనబడలేదు.

రెండు వారాలకి అవతలి పక్షంవాళ్ళు అదే ఫోటో తీసుకుని ఇంకో ప్రకటన చేశారు. 'ఒక తండ్రి తాళం వేయడం మర్చిపోయాడట, అందుకని మన తుపాకులు లాక్కుంటారట' అని. ఎవరెవరికి ఏది కనబడిందో నాక్కూడా తెలియదు. కొందరు నువ్వే డబ్బు తీసుకుని ఫోటో ఇచ్చావనుకుంటున్నారు. నీ అక్టోబర్ ఉత్తరం రాగానే మాది ఆపించాను. వాళ్ళది ఆపడం నా చేతిలో లేదు.

అప్పుడే చెప్పాల్సింది. ఊరు మర్చిపోతుందిలే అనుకున్నాను. నీ దగ్గర నాకున్న చోటు పోతుందని భయపడ్డాను. ఈ లోకంలో నాకు ఉత్తరం రాసేది నువ్వొక్కడివే.

జోయన్‌కి అది చేరిందో లేదో తెలియదు. డులూత్ వేరే రాష్ట్రం. చేరకూడదని కోరుకుంటున్నాను.

మార్లిస్


టామరాక్ బెండ్
10 నవంబర్ 2019

మార్లిస్,

లైబ్రరీలో పనిచేసే అమ్మాయిని అడిగి చూశాను. మొదట చూపించనంది. తర్వాత చూపించి పక్కకి వెళ్ళి నిలబడింది.

జోయన్‌కి చేరింది. వాళ్ళక్క కొడుకు పంపాడట. జోయన్ దగ్గర్నుంచి నాకు ఒక్క పంక్తి ఉత్తరం వచ్చింది. "ఇది నిజమేనా?" అని. నిజమేనని రాసి పంపాను.

నువ్వు నాకు ఉత్తరాలు రాయకు.

వెర్లిన్


మాడిసన్
29 నవంబర్ 2019

అన్నయ్యా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి రాసి ఆపుతాను. తెరవకుండా పొయ్యిలో వేసినా నాకు తెలియదు కాబట్టి, చదివావనే అనుకుంటాను.

నిన్న థాంక్స్‌గివింగ్. ఒక్కదానికి టర్కీ ఎందుకని కోడి కాలు తెచ్చుకున్నాను. బంగాళాదుంపలు చేతి అలవాటుకొద్దీ ఇద్దరికి సరిపడా ఒలిచాను.

ఉద్యోగం మానేశానని రాస్తే నీకు కొంచెమైనా తృప్తిగా ఉంటుందని తెలుసు. మానలేదు. ఆ చట్టం రావాలని ఇప్పటికీ అనుకుంటున్నాను. ట్రెవర్ పోయినప్పటినుంచీ అనుకుంటున్నాను. నిన్ను అడగకపోవడమే తప్పు, చట్టం తప్పు కాదు. ఈ రెండూ నా లోపల పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టలేకపోతున్నాను. ఆ ప్రకటన అన్నిటికంటే బాగా పనిచేసిందని ఆఫీసులో కేకు కోశారు. నేను బాత్రూంలోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆ ప్రకటన కింద తిట్లే ఎక్కువ. ఒకడు మాత్రం 'ఇప్పుడే వెళ్ళి తాళం వేసొచ్చాను' అని రాశాడు. ఎవరో తెలియదు. ఇది చెప్పి తప్పించుకుందామని కాదు. నీ మాట వల్ల జరిగింది నీకు తెలియాలి కదా అని.

చలి ఎక్కువైందట అక్కడ. చిమ్నీ శుభ్రం చేయించావా?

మార్లిస్


టామరాక్ బెండ్
1 మార్చి 2020

మార్లిస్,

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. చదవడానికి మాత్రం జనవరి దాకా పట్టింది.

దాదాపు నాలుగు నెలలు నీతో మాట్లాడకుండా ఉంటే ఏమవుతుందో చూశాను. ఏమీ అవదు. అదే దాంట్లో ఘోరం. పొద్దున లేస్తాను, పొయ్యి వెలిగిస్తాను, మంచు తోస్తాను, ఎవరూ రారు, చీకటిపడుతుంది. వేట మొదటిరోజు మన ఇంటి వెనక అడవిలోకి ఒక్కణ్ణే వెళ్ళాను. పది గంటలకి ఒక జింక వచ్చింది. కొడితే లాక్కురావడానికి రెండో మనిషి లేడు, చెప్పుకోవడానికీ లేడు. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను, దాని దారిన అది పోయింది. దూరంగా డెల్మర్ క్యాంపు వైపు తుపాకులు పేలుతున్నట్టు కాళ్ళకింద నేలలో తెలిసింది. చెవులకి తెలియకపోయినా కాళ్ళకి తెలుస్తుంది.

డిసెంబర్ మొదటి ఆదివారం, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, వెనక తలుపు దగ్గర ట్వైలా నిలబడి ఉంది. బడి బస్సు నడిపే ట్వైలా, నీకు గుర్తుండే ఉంటుంది. దుప్పట్లో చుట్టిన రెండు రైఫిళ్ళు చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఉంది.

"ఇవి నీ దగ్గర పెట్టుకుంటావా?" అంది.

"ఎవరివి?"

"మా ఆయనవి. మిల్లులో తీసేశాక మనిషి మంచం దిగడంలేదు. నిన్న నాతో, పిల్లలకి ఏ కాగితాలు ఎక్కడున్నాయో చెబుతున్నాడు. వరసగా చెబుతున్నాడు, వెర్లిన్."

"తుపాకుల దుకాణంలో ఇవ్వలేకపోయావా?"

"దుకాణంవాడు ఆయన స్నేహితుడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది. ఆయన సిగ్గుతో చస్తాడు." ఆ మాట అన్నాక తనే నోరు మూసుకుంది. తర్వాత, "నీకైతే అర్థమవుతుందనుకున్నాను. ఫోన్లో చూశాను కదా" అంది.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. తీసుకున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. ఎవరైనా చూస్తారని ఒకటే కంగారు.

ట్రెవర్ గదిలో గోడకి మేకులు కొట్టి బద్దలు బిగించాను. తలుపుకి కొత్త తాళం వేశాను. తాళంచెవి నా మెడలో ఉంటుంది. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు. ఒక ముసలాయన తనదే తెచ్చుకున్నాడు, "డాక్టరు మందు మార్చాడు, అది కుదిరేదాకా" అన్నాడు. అందరూ ఆదివారం చర్చి వేళకే వస్తారు, వెనక తలుపు దగ్గరికే. శుక్రవారం బార్‌లో కనబడితే మళ్ళీ మొహం తిప్పుకుంటారు. ఇప్పుడు నాకు కష్టంగా లేదు అని రాస్తే అబద్ధం. కష్టంగానే ఉంది. కానీ ఎందుకు తిప్పుకుంటున్నారో తెలుసు. తెలియకుండా చిన్నగా మాట్లాడుకుంటూ తిరిగిన రోజులకంటే నయం.

జనవరిలో జోయన్ వచ్చింది. చెప్పకుండా వచ్చింది. కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది. "తాళంచెవి ఎక్కడ ఉండేదో గుర్తుందా నీకు?" అంది. గుర్తుంది. జోయన్ కుట్టుపెట్టెలో, అడుగున. దాచింది తనే.

"ఎనిమిదేళ్ళు," అంది. "ఇంకో చోట దాచి ఉంటే వాడు బతికేవాడని ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత ఒక్క గుండీ కుట్టలేదు నేను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా?"

చూస్తూనే ఉన్నాను, మార్లిస్. నా తప్పు తను మోస్తోందని తెలిసే చూస్తూ ఉన్నాను. అందుకే వెళ్ళిపోయిందని కూడా నాకు తెలుసు. నీకు ఏప్రిల్లో రాసిన దాంట్లో ఇది లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకు చెబుతున్నాను, ఎందుకో నాకే తెలియదు.

"నువ్వు చెప్పాల్సింది. మీ చెల్లెలు బోర్డు కట్టి చెప్పేదాకా ఉండాల్సింది కాదు" అంది. గంటసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను, ముట్టుకోనివ్వలేదు. వెళ్ళేముందు ట్రెవర్ గది చూస్తానంది. తాళం తీశాను. గోడమీద తుపాకులు చూసి మొదట భయపడింది. ఎవరివో, ఎందుకో చెప్పాను. ఒక్కొక్కదాని దగ్గరా నిలబడి చూసి, కారు దగ్గరికి నడిచింది. క్షమించలేదు. ఉత్తరం రాయొచ్చా అని అడిగితే, "రాయి, చదువుతానో లేదో చెప్పలేను" అంది. నేను నీకు చేసింది కూడా అదేనని అప్పుడు తోచింది.

నువ్వు చేసింది దొంగతనం. అది దొంగతనం కాదని ఎప్పుడూ అనను. జోయన్ మీద నేను పెట్టిన బరువు ఆ దొంగతనం వల్లే దిగింది. ఇదీ నిజమే. నువ్వు రాశావు చూడు, రెండూ లోపల పక్కపక్కనే ఉన్నాయని. నాకూ అంతే.

నీ బిల్లు లైబ్రరీలో కూర్చుని మొత్తం చదివాను. లైబ్రరీ అమ్మాయి కష్టమైన మాటలకి అర్థం చెప్పింది. తాళం సంగతి బాగానే ఉంది. కానీ తుపాకీ చేతులు మారిన ప్రతిసారీ దుకాణంలో నమోదు చేయాలంటున్నారే, అలా అయితే ట్వైలా నా దగ్గరికి వచ్చేది కాదు. వస్తే ఇద్దరం నేరస్థులం. కష్టంలో ఉన్నవాడి తుపాకీ కొన్నాళ్ళు దాచిపెట్టేవాళ్ళని వదిలెయ్యమని అందులో ఒక్క వాక్యం పెట్టించు. పెడితే నేను ఆ మాడిసన్ సభలో నిలబడి, కోటు వేసుకుని, నా మొహంతో, నా పేరుతో చెబుతాను. పెట్టకపోతే దానికి వ్యతిరేకంగా వచ్చి చెబుతాను. ఈ సంగతి నీ పైఅధికారికి చెప్పు.

ఇంక డెల్మర్ సంగతి. అందుకే ఈ రోజు రాయడానికి కూర్చున్నాను.

క్రిస్మస్‌కి ముందు ఆర్డిస్ పోయింది. అంత్యక్రియల్లో చివరి బెంచీలో కూర్చుని వచ్చేశాను. తర్వాతి ఆదివారం వాడు వచ్చాడు. వెనక తలుపుకి కాదు, ముందు తలుపుకే వచ్చాడు. చేతిలో వాళ్ళ నాన్న రైఫిల్ ఉంది.

"క్యాంపులో చెమ్మ ఎక్కువైపోయింది. తుప్పు పట్టేస్తోంది. ఇక్కడ పెట్టు" అన్నాడు.

వాళ్ళ క్యాంపులో చెమ్మ ఎప్పుడూ లేదు. "సరే, పెడతాను" అన్నాను.

"ఎన్నాళ్ళని అడగవేంరా?"

"చెమ్మ తగ్గేదాకా."

వాడు గడపలో అలా నిలబడిపోయాడు. గడ్డం గీసుకుని వారమై ఉంటుంది. "నిన్ను క్యాంపుకి రావద్దనడానికి నేనే వచ్చాను. అందరూ కలిసి నన్ను పంపారు. నేను వెళ్ళనని అనుండొచ్చు" అన్నాడు.

"అనుండొచ్చు" అన్నాను. అంతకంటే మంచి మాట దొరకలేదు. వాడు తలూపి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ట్రెవర్ గదిలోకి వెళ్ళి ఆ రైఫిల్‌కి నూనె పట్టించేవాణ్ణి. వేరేవాటికి కూడా పట్టించాను గానీ, దానికే ఎక్కువసేపు. రెండు నెలలు వాడినుంచి కబురు లేదు. కిరాణా కొట్టులో కనబడితే, రొట్టె కొంటున్నాడా లేదా అని బుట్టలోకి చూసేవాణ్ణి. కొంటే ఆ రోజుకి ఫర్వాలేదనుకునేవాణ్ణి.

నిన్న మధ్యాహ్నం వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. మొహం సన్నబడింది.

"నాది నాకిచ్చెయ్యరా" అన్నాడు.

నేను వెంటనే లేవలేదు. మొహంలోకి చూశాను. చూడనిచ్చాడు, తల తిప్పుకోలేదు. అంత సేపు వాడి మొహం నేను ఎప్పుడూ చూడలేదు, ముప్ఫై ఏళ్ళలో.

"చెమ్మ తగ్గిందా?" అన్నాను.

"తగ్గింది. పూర్తిగా కాదు. కూతురు వారానికి మూడు రోజులు వచ్చి ఉంటోంది. ఆ చర్చి ఆవిడెవరో, మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది, ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. నవ్వకు."

"నేనెందుకు నవ్వుతాను?"

"తాళం వేస్తాను" అన్నాడు. నేను అడగలేదు. వాడే అన్నాడు.

మెడలోంచి తాళంచెవి తీసి గది తెరిచాను. వాడు లోపలికి వచ్చి ట్రెవర్ మంచం మీద కూర్చున్నాడు. అక్కడ వరసగా ఉన్నవి చూసి, ఒక్కొక్కటి ఎవరిదో గుర్తుపట్టినట్టున్నాడు. నేను రైఫిల్ చేతికిచ్చాను. తూకం చూసుకుని, "నూనె బాగా పట్టించావురా" అన్నాడు. కాఫీ తాగుతావా అంటే, తాగుతానన్నాడు. రెండు కప్పులు తాగాడు. ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. వినబడని నాకూ, చెప్పలేని వాడికీ అది సరిపోయింది.

వాడు వెళ్ళాక ఆ గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. గోడమీద వాడిది ఉన్నచోట రెండు మేకులు ఖాళీగా ఉన్నాయి. వాటి వంకే చూస్తూ కూర్చున్నాను, మార్లిస్. ఇక్కడికి తెచ్చినవాటిలో తిరిగి ఇంటికి వెళ్ళిన మొదటిది అదే. వాడు బతికే ఉన్నాడు. సొంత కాళ్ళమీద నడిచివచ్చి, తీసుకుని, ఇంటికి వెళ్ళాడు.

వెర్లిన్